పట్టా ఒకరిది... పాట ముగ్గురిది

'ద పోలీస్' బ్యాండ్ హిట్ పాటల ఆల్బమ్‌కి ఇప్పుడు నలభై ఏళ్ల వయసు. అందులోని ప్రతి పాటకీ రచయితగా ఉన్నది స్టింగ్ పేరొక్కటే. ఆ పాటల్ని వాయించి నిలబెట్టింది మాత్రం ముగ్గురు. ఆ ముగ్గురూ ఇప్పుడు లండన్ హైకోర్టులో ఎదురెదురుగా ఉన్నారు. ఎందుకిలా జరిగిందో ఆ ఆల్బమ్‌ వింటేనే తెలుస్తుంది.

1986 జూన్ 15, ఆదివారం. న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియం జనంతో కిక్కిరిసిపోయింది. మానవ హక్కుల సంస్థ అమ్నెస్టీ ఇంటర్నేషనల్ పాతికేళ్ల వేడుకగా ఆరు ఊళ్లలో పెట్టిన కచేరీల్లో ఇదే ఆఖరిది. పగలు మొదలైన పాటలు రాత్రయినా ఆగలేదు. చివరి బ్యాండ్ వంతు వచ్చింది. వేదిక మీద ఉన్నది ముగ్గురే. బేస్ గిటార్ వాయిస్తూ పాడేది స్టింగ్, గిటార్ మీద ఆండీ సమ్మర్స్, డ్రమ్స్ వెనక స్టూవర్ట్ కోప్‌లాండ్. రెండేళ్లుగా ఎవరి దారి వాళ్లు చూసుకున్న ఈ ముగ్గురూ ఆ యాత్రలో ఆఖరి మూడు కచేరీల కోసమే మళ్లీ కలిశారు.

'ఇన్విజిబుల్ సన్' మొదలైంది. యూ2 బ్యాండ్ గాయకుడు బోనో వచ్చి గొంతు కలిపాడు. ఆ తర్వాత యూ2లోని మిగతావాళ్లూ ఒక్కొక్కరే వేదిక మీదికి వచ్చారు. సమ్మర్స్ తన గిటార్ తీసి ఒకరికి అందించాడు. స్టింగ్ బేస్ ఇంకొకరి భుజానికెక్కింది. కోప్‌లాండ్ లేచి డ్రమ్స్ అప్పగించాడు. కాసేపట్లో వాయిద్యాలన్నీ చేతులు మారిపోయాయి. అంతకు మూడేళ్ల కింద ప్రపంచంలోనే పెద్ద బ్యాండ్ అనిపించుకున్నవాళ్లు, ఆ స్థానం ఇక మీదేనని తర్వాతి తరానికి చెప్పినట్టయింది.

మరుసటి నెలలో ముగ్గురూ స్టూడియోలో కలవాలి. పాత హిట్లను కొత్తగా రికార్డు చేసి ఒక ఆల్బమ్‌గా తేవాలన్నది ఆలోచన. పని మొదలయ్యే ముందు కోప్‌లాండ్ గుర్రం మీంచి పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. డ్రమ్స్ వాయించే వీలే లేకపోయింది. అనుకున్న పాటల్లో అప్పట్లో బయటికొచ్చింది ఒకే ఒక్కటి. దానికి పాత రికార్డింగులు జతచేసి ఆ ఏడాది చివర్లో విడుదల చేసిన ఆల్బమ్ 'ఎవ్రీ బ్రెత్ యు టేక్: ద సింగిల్స్'. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి చేరింది. బ్యాండ్ మాత్రం అంతటితో ఆగిపోయింది.

కోర్టు మెట్లెక్కిన వాటా

ఆ పాటలు మళ్లీ వార్తల్లోకొచ్చాయి. రావాల్సిన డబ్బు రాలేదంటూ సమ్మర్స్, కోప్‌లాండ్ 2025లో లండన్ హైకోర్టులో స్టింగ్ మీదా, ఆయన పాటల హక్కుల సంస్థ మీదా దావా వేశారు. పాట రాసినవాడు తన రాబడిలోంచి మిగతా ఇద్దరికీ వాద్య కూర్పు కోసం కొంత వాటా ఇవ్వాలని తొలినాళ్లలోనే అనుకున్నామనీ, తర్వాత అది కాగితాల మీదకీ ఎక్కిందనీ వాళ్లంటున్నారు. ఆ ఒప్పందంలో రాసుకున్న మాటలు స్ట్రీమింగ్‌కి వర్తిస్తాయా లేదా అన్నదే తగవు. వర్తించవని స్టింగ్ పక్షం వాదన.

పాట మీద హక్కులు రెండు రకాలు. మాటలు, బాణీ రాసినవాడిది ఒకటి. రికార్డింగ్ మీద వచ్చేది రెండోది. వాయించినవాళ్లకి దక్కేది ఈ రెండోదాంట్లోనే. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట వేసినప్పుడు రచయిత వైపే డబ్బు చెల్లిస్తాయి, వాయించినవాళ్లకి ఏమీ రాదు. 'ఎవ్రీ బ్రెత్ యు టేక్' తమ జాబితాలో రేడియోల్లో అందరికంటే ఎక్కువసార్లు మోగిన పాట అని అమెరికాలో పాటల హక్కులు చూసే బీఎంఐ సంస్థ 2019లో ప్రకటించింది. లెక్క దాదాపు కోటీ యాభై లక్షలు. అన్నిసార్లు మోగిన పాటకి అమెరికా రేడియో సొమ్ములో చట్టప్రకారం డ్రమ్స్ వాటా గానీ గిటార్ వాటా గానీ లేదు.

ఉమ్మడిగా దున్ని, నాట్లు వేసి, కోత కోసిన పొలానికి పట్టా ఒక్కరి పేరు మీదే ఉంటే ఎలా ఉంటుందో ఈ బ్యాండ్ కథ అలాగే ఉంది. పట్టాదారు మోసం చేశాడని చెప్పడానికి వీల్లేదు. ఆ విత్తనాలు నిజంగానే ఆయనవి. ఆ పంట పండింది మాత్రం ఒక్కరి చెమటతో కాదు.

అందరూ ఒకే గదిలో

1977 నాటి లండన్. నాలుగు తీగలు గట్టిగా మీటి, కోపంగా అరిచే పంక్ సంగీతం ఊపేస్తున్న రోజులు. ఆ ఊపులోనే బ్యాండ్ కట్టాలని కోప్‌లాండ్ బయల్దేరాడు. న్యూకాజిల్ దగ్గర బడి పంతులుగా చేస్తూ జాజ్ వాయించుకునే గోర్డన్ సమ్నర్‌ని వెతికి పట్టుకున్నాడు. నలుపు, పసుపు చారల స్వెటర్ వేసుకోవడం వల్ల కందిరీగ ముల్లు గుర్తొచ్చేలా స్నేహితులు అతనికి పెట్టిన పేరే స్టింగ్. కొన్ని నెలలకి సమ్మర్స్ చేరాడు. అప్పటికే అతనికి ముప్పై నాలుగేళ్లు. అరవైల్లోనే గాయకుడు ఎరిక్ బర్డన్‌తో 'యానిమల్స్' బ్యాండ్‌లో వాయించి వచ్చిన చెయ్యి తిరిగిన వాద్యకారుడు. వీళ్లు నిజమైన పంక్ కాదని లండన్ కుర్రకారు పెదవి విరిచింది. ఒకరకంగా అది నిజమే. పంక్ వేగాన్ని, పొట్టితనాన్ని తీసుకుని దానికి నైపుణ్యాన్నీ ఇతర సంగీతాలనూ చేర్చినవాళ్లనే ఆ తర్వాత న్యూ వేవ్ బ్యాండ్లు అన్నారు. పోలీస్ అందులో ముందు వరసలో నిలిచింది.

తొలి ఆల్బమ్‌కి డబ్బు లేదు. కోప్‌లాండ్ అన్న మైల్స్ దగ్గర 1,500 పౌండ్లు అప్పు తీసుకున్నారు. సర్రేలోని లెదర్‌హెడ్‌లో నైజెల్ గ్రే అనే డాక్టర్ నడిపే చిన్న స్టూడియోలో, వేరేవాళ్ల బుకింగులు లేని వేళల్లో రికార్డు చేసుకున్నారు. 'రాక్సాన్' అక్కడే రూపు దిద్దుకుంది. 1977 అక్టోబరులో కచేరీ కోసం పారిస్ వెళ్లినప్పుడు, హోటల్ చుట్టుపక్కల వీధుల్లో నిలబడ్డ వేశ్యల్ని చూసి స్టింగ్ ఆ పాట రాశాడు. హోటల్లో కనిపించిన 'సిరానో డి బెర్జెరాక్' నాటకం పోస్టరు నుంచి నాయిక పేరు తీసుకున్నాడు.

అతను మొదట అనుకున్న నడక బ్రెజిల్‌వాళ్ల బోసా నోవా. కోప్‌లాండ్ దాన్ని టాంగో వైపు లాగాడు. సమ్మర్స్ గిటార్‌తో తెగ్గొట్టినట్టుండే పొట్టి మీటులు వేశాడు. పాట మొదట్లో చెవి పెట్టి వింటే పొంతన లేని పియానో మోత ఒకటి, ఆ వెంటనే నవ్వు వినిపిస్తాయి. స్టింగ్ చూసుకోకుండా పియానో మెట్ల మీద కూర్చున్నప్పటి చప్పుడది. దాన్ని తీసేయకుండా ఉంచేశారు. ఆ రెండు సెకన్లలో ఒకే గదిలో ఉన్న ముగ్గురు మనుషులు మనకి వినిపిస్తారు. పంక్ పాటల మధ్య ఇమడదేమోనని బెరుగ్గానే వినిపించారు గానీ మైల్స్‌కి నచ్చింది ఆ పాటే. దాన్ని పట్టుకెళ్లి ఏ అండ్ ఎం రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిర్చాడు.

> ఎవరీ ముగ్గురు?
>
> స్టింగ్: 1951లో ఇంగ్లండ్ ఈశాన్యాన ఓడలు కట్టే ఊరు వాల్‌సెండ్‌లో పుట్టాడు. బడి పంతులుగా పనిచేశాడు.
>
> స్టూవర్ట్ కోప్‌లాండ్: 1952లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. తండ్రి సీఐఏ అధికారి కావడంతో బాల్యమంతా కైరో, బీరూట్‌లలో గడిచింది.
>
> ఆండీ సమ్మర్స్: 1942 డిసెంబరు 31న పుట్టాడు. మిగతా ఇద్దరి కంటే దాదాపు పదేళ్లు పెద్ద.
>
> 1978లో చూయింగ్ గమ్ ప్రకటన కోసం ముగ్గురూ జుట్టుకి బంగారు రంగు వేయించుకున్నారు. ప్రకటన సంగతెలా ఉన్నా ఆ రంగే వాళ్ల గుర్తయిపోయింది.

ఖాళీలోనే కిటుకు

పోలీస్ పాటని గొప్పగా చేసింది వాయించిన స్వరాలెన్నో, వదిలేసిన చోట్లూ అన్నే. జమైకా రెగే సంగీతంలో ఆవృత్తంలోని మొదటి దెబ్బ ఖాళీగా ఉంటుంది, బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. కోప్‌లాండ్‌కి ఇది కొత్త కాదు. చిన్నప్పుడు బీరూట్‌లో విన్న అరబ్బీ లయల్లోనూ ఇలాంటి ఖాళీ ఉండేదని ఆయన చాలాసార్లు చెప్పాడు. అందుకే రెగే ఆయన చేతికి అంత సహజంగా వచ్చింది. ఆ ఖాళీల్లో స్టింగ్ బేస్ నాలుగు స్వరాలు పలికి ఆగిపోతుంది. వాటి మీద సమ్మర్స్ ప్రతిధ్వనితో నిండిన తీగల్ని పరుస్తాడు.

'వాకింగ్ ఆన్ ద మూన్' ఒక్కసారి శ్రద్ధగా వినండి. మొదట మోగిన గిటార్ మీటు గాల్లో తేలుతూనే ఉంటుంది. డ్రమ్స్ మీద కోప్‌లాండ్ హై-హ్యాట్ తాళాన్ని చిన్నచిన్న మెరుపుల్లా ఆడిస్తాడు. చంద్రుడి మీద నడిస్తే ఒంటికి తెలిసే తేలికదనాన్ని మాటలకంటే ముందే ఆ వాద్యం చెప్పేస్తుంది. అందులో ఏ ఒక్కరిని తీసేసినా పాట కూలిపోతుంది. 1979లో 'మెసేజ్ ఇన్ ఎ బాటిల్', 'వాకింగ్ ఆన్ ద మూన్' వరసగా బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకున్నాయి. 1980లో అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ 'డోంట్ స్టాండ్ సో క్లోజ్ టు మీ'. పంతులు, విద్యార్థిని మధ్య ఇబ్బందికరమైన ఆకర్షణ గురించి ఒకప్పటి పంతులు రాసిన పాట అది.

> బొంబాయిలో ఆ సాయంత్రం
>
> పాశ్చాత్య రాక్ బ్యాండ్లు మన దేశం వైపు పెద్దగా చూడని రోజుల్లోనే పోలీస్ ఇక్కడికొచ్చింది. 1980 మార్చి 26న బొంబాయి రంగ్ భవన్ ఆరుబయలు రంగస్థలంలో కచేరీ చేసింది. దాన్ని ఏర్పాటు చేసింది సేవాకార్యక్రమాలు నడిపే మహిళల సంఘం టైమ్ అండ్ టాలెంట్స్ క్లబ్. అదే ప్రపంచయాత్రలో బ్యాండ్ కైరో, ఏథెన్స్ కూడా వెళ్లింది. 'ద పోలీస్ అరౌండ్ ద వరల్డ్' వీడియోలో ఆ యాత్ర దృశ్యాలు చూడొచ్చు.

మూడు గదులు, ఒక పాట

పేరు పెరిగేకొద్దీ దూరమూ పెరిగింది. హిట్లన్నీ స్టింగ్ రాసినవే కావడంతో ఆల్బమ్‌లో ఎవరి పాటకి చోటుండాలన్నది ప్రతిసారీ తగవే. సమ్మర్స్ కూర్చిన 'బిహైండ్ మై కామెల్' అనే వాద్యరచన స్టింగ్‌కి ఎంత నచ్చలేదంటే, స్టూడియోలో కనిపించిన టేపుని పెరట్లోకి తీసుకెళ్లి పాతిపెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ రచనకి 1982లో గ్రామీ అవార్డు వచ్చింది.

'ఎవ్రీ లిటిల్ థింగ్ షి డజ్ ఈజ్ మ్యాజిక్' విషయంలో స్టింగ్ కెనడాలో వేరే పియానో కళాకారుడితో నమూనా రికార్డింగు చేసుకొచ్చాడు. బ్యాండ్ ఎన్ని రకాలుగా వాయించినా అంత బాగా కుదరలేదు. చివరికి ఆ నమూనా మీదే కోప్‌లాండ్, సమ్మర్స్ తమ వాద్యాలు చేర్చారు. ముగ్గురూ కలిసి పాటని వండుకునే పద్ధతికి అక్కడ మొదటి బీట పడింది.

1982-83 నాటికి వెస్టిండీస్‌లోని మాంట్‌సెరాట్ ద్వీపంలో బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కట్టిన ఎయిర్ స్టూడియోకి చేరారు. 'సింక్రోనిసిటీ' ఆల్బమ్ అక్కడే రికార్డయింది. నిర్మాత హ్యూ పాడ్గమ్. డ్రమ్స్ భోజనాల గదిలో, గిటార్ స్టూడియో హాల్లో, బేస్ కంట్రోల్ రూములో పెట్టారు. ధ్వని కోసం చేసిన ఏర్పాటే అయినా ముగ్గురూ ఎదురెదురుగా లేకపోవడం అందరికీ ఊరటగానే ఉంది. ఒక దశలో ఆల్బమే ఆపేద్దామన్నంత దూరం వెళ్లింది.

'ఎవ్రీ బ్రెత్ యు టేక్'ని స్టింగ్ జమైకాలో రాశాడు. జేమ్స్ బాండ్ కథల రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ ఒకప్పుడు ఉన్న ఇల్లది. స్టింగ్ మొదటి పెళ్లి విచ్ఛిన్నమవుతున్న సమయం. చాలామంది ప్రేమగీతంగా పెళ్లిళ్లలో వేసుకునే ఈ పాట నిజానికి కనిపెట్టుకు కూర్చునే అసూయ గురించి. నమూనాలో కీబోర్డు మోత నిండుగా ఉంది. డ్రమ్స్ ఎలా ఉండాలన్న దాని మీద రోజుల తరబడి గొడవ. ఇక నీకు తోచినట్టు చెయ్యమని స్టింగ్ సమ్మర్స్‌కి వదిలేశాడు. సమ్మర్స్ హాల్లోకి వెళ్లి, హంగేరీ స్వరకర్త బార్టోక్ వయొలిన్ రచనల్ని సాధన చేసిన వేళ్లతో, చాచి పట్టాల్సిన ఒక మెలికని మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపులో వాయించాడు. కంట్రోల్ రూములో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారని ఆయన చెబుతాడు. కీబోర్డు పోయి ఆ గిటార్ నిలిచింది. అమెరికాలో ఎనిమిది వారాలు, బ్రిటన్‌లో నాలుగు వారాలు ఆ పాటదే మొదటి స్థానం.

ఈ రోజు ఆ పాటని గుర్తుపట్టడానికి ఎవరికీ మాటలు అక్కర్లేదు. గిటార్ మొదటి నాలుగు స్వరాలు చాలు. ఆ నాలుగు స్వరాలకీ హక్కు పత్రంలో చోటు లేదు.

విరిగిన ఎముక చెప్పిన నిజం

ఇక 1986 సంగతి. డ్రమ్మర్ చెయ్యి కదపలేడు. లయని యంత్రంతో తయారు చేయాలి. కోప్‌లాండ్‌కి అలవాటైన యంత్రం ఫెయిర్‌లైట్, స్టింగ్ మొగ్గింది సింక్లావియర్ వైపు. ఏది వాడాలన్న దాని మీదే మళ్లీ వాదన. చివరికి 'డోంట్ స్టాండ్ సో క్లోజ్ టు మీ 86' తయారైంది. నడక తగ్గింది, కీబోర్డులు నిండాయి, పాత పాటలో ఒంటి మీద రోమాలు నిక్కబొడిచేలా చేసిన ఉద్వేగం పోయింది. 1980లో మొదటి స్థానంలో నిలిచిన పాట కొత్త రూపంలో బ్రిటన్‌లో 24, అమెరికాలో 46 దగ్గర ఆగింది.

మాటలు దాదాపు అవే, బాణీ చాలావరకు అదే, గొంతూ అదే. చట్టం పాట అని దేన్నంటుందో అదంతా ఉంది. లేనిదల్లా ముగ్గురు ఒకే గదిలో ఒకరి చేతుల్ని ఒకరు చూసుకుంటూ వాయించడం. ఆ ఆల్బమ్‌లో ఈ పాటకి అటూ ఇటూ ఉన్న పాత రికార్డింగులు వింటే తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. హిట్ పాటలన్నీ ఒక్కచోట చేర్చిన ఆ రికార్డు, హిట్ అవడానికి ఏం కావాలో కూడా తెలియకుండానే చెప్పేసింది. 1995లో 'ద క్లాసిక్స్' పేరుతో దాన్ని మళ్లీ తెచ్చినప్పుడు అసలు పాటని తన చోట్లో పెట్టి, 86 నాటి రూపాన్ని చివరికి జరిపారు.

> ఆల్బమ్ వివరాలు
>
> పేరు: ఎవ్రీ బ్రెత్ యు టేక్: ద సింగిల్స్
>
> విడుదల: 1986, ఏ అండ్ ఎం
>
> ఎల్‌పీలో పాటలు: 12, అన్నీ స్టింగ్ రాసినవే
>
> చార్టుల్లో: బ్రిటన్‌లో 1, అమెరికాలో 7
>
> మూలం: 1978 నుంచి 1983 దాకా వచ్చిన ఐదు ఆల్బమ్‌లు
>
> మాంట్‌సెరాట్ స్టూడియో: 1989లో హ్యూగో తుపానుకి దెబ్బతిని మూతపడింది

ఆ మెలిక ఎక్కడెక్కడికో వెళ్లింది

1997 మార్చిలో అమెరికా ర్యాపర్ నొటోరియస్ బి.ఐ.జి. హత్యకి గురయ్యాడు. మిత్రుడి స్మృతిలో పఫ్ డాడీ 'ఐల్ బి మిస్సింగ్ యు' పాట చేశాడు. దానికి ఆధారం సమ్మర్స్ గిటార్ మెలికే, అదీ నేరుగా పాత రికార్డింగులోంచి తీసుకున్నది. ముందుగా అనుమతి తీసుకోలేదు. దాంతో రచయిత సొమ్ము స్టింగ్‌కి చేరింది. పదకొండు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న ఆ పాటలో మన చెవికి తగిలేది సమ్మర్స్ వేళ్ల పనే. ఆయన ఇంటర్వ్యూల్లో ఆ బాధని దాచుకోలేదు.

ఇంత జరిగినా ముగ్గురి మధ్య మమకారం పూర్తిగా పోలేదు. 1992లో స్టింగ్ పెళ్లి విందులో కలిసి వాయించారు. 2003లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక ఎక్కారు. 2007 మేలో వాంకూవర్‌లో మొదలుపెట్టిన పునఃకలయిక యాత్ర 2008 ఆగస్టులో న్యూయార్క్‌లో ముగిసేసరికి 35 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. జనం డబ్బులిచ్చి వచ్చింది స్టింగ్ పాటలు వినడానికే అయితే, ఆయన ఒక్కడే ఏళ్ల తరబడి ఆ పాటలు పాడుతూనే ఉన్నాడు కదా! ఆ ముగ్గురూ కలిసి వాయిస్తే వచ్చే నాదం కోసం జనం వచ్చారు. 2022లో స్టింగ్ తన పాటల హక్కులన్నీ యూనివర్సల్ సంస్థకి అమ్మేశాడు. పోలీస్ పాటలూ అందులో ఉన్నాయి.

పేర్లు రాసుకోవాల్సిన రోజు

కోర్టు ఏం తేలుస్తుందో అది ఒప్పంద పత్రాల్లోని మాటల్ని బట్టి ఉంటుంది. స్టింగ్ లేకపోతే ఈ పాటలు లేవు. అది ఎవరూ కాదనరు, ఆ ఇద్దరూ కాదనలేదు. అయితే పాటని కాగితం మీద రాసినవాడే మొత్తం రచయిత అనే లెక్క, అచ్చు వేసిన స్వరపత్రాలు అమ్ముకున్న కాలం నాటిది. బ్యాండ్ సంగీతం కాగితం మీద పుట్టదు. డ్రమ్మర్ వదిలేసిన ఒక దెబ్బలోంచి, గిటార్ వాద్యకారుడు అప్పటికప్పుడు వేసిన ఒక మెలికలోంచి పుడుతుంది.

దీన్ని ముందే గుర్తించినవాళ్లున్నారు. యూ2 తన సంగీతాన్ని మొత్తం బ్యాండ్ పేరు మీదే వేసుకుంది. ఆర్.ఈ.ఎం. బ్యాండ్ సభ్యులు, ఎవరెంత రాసినా, తమ పాటల కింద అందరి పేర్లూ పెట్టుకున్నారు. మూడు దశాబ్దాల తర్వాత 2011లో వాళ్లు విడిపోయినప్పుడు కోర్టు అవసరమే రాలేదు.

కొత్తగా బ్యాండ్ కడుతున్న పిల్లలు ఎక్కడున్నా, హైదరాబాద్‌లో అయినా లండన్‌లో అయినా, ఈ ఆల్బమ్‌ని రెండు రకాలుగా వినాలి. ముగ్గురు కలిస్తే పాట ఎంత ఎత్తుకి వెళ్తుందో తెలుసుకోవడానికి ఒకసారి. కింద రాసిన పేరు చూస్తూ ఇంకొకసారి. డబ్బూ, పేరూ రాకముందు, స్నేహం గట్టిగా ఉన్నప్పుడే, పాట కింద ఎవరెవరి పేర్లుండాలో కూర్చుని రాసుకోవాలి. తొలి రోజుల్లో ఆ పని అరగంటలో అయిపోతుంది. ఆలస్యం చేస్తే అదే మాట నలభై ఏళ్ల తర్వాత లాయర్ల నోట వినాల్సి వస్తుంది.